తిత్తి మూసేటప్పుడు

మా ఆవిడ నూకరత్నం పోయాక ఇద్దరిని నేను మళ్లీ గడప తొక్కనివ్వలేదు. ఒకడు, జ్వరమే కదా తగ్గిపోతుందని చెప్పిన డాక్టరు. రెండోవాడు, శ్మశానంలో నిలబడి సెల్‌ఫోన్లో క్రికెట్ స్కోరు చూసుకున్న మా తమ్ముడు. ప్రభుదాసు మూడోవాడు కావలసింది. వానలో తడిసి వచ్చాడు కాబట్టి లోపలికి రానిచ్చాను.

అతన్ని వెంటబెట్టుకొచ్చింది మా అమ్మాయి హైమ. ప్రభుదాసు విశాఖపట్నంలో లోహాల పరిశోధనశాల నడుపుతాడు. హైమ కంప్యూటరు మీద సంగీతం చేస్తుంది. సంగీతమన్నది ఆమె మాట. నా చెవికి అది మా ఐసు ఫ్యాక్టరీ కంప్రెసరు చప్పుడు. నా ఉద్యోగమంతా ఆ కంప్రెసరు పక్కనే గడిచింది. రిటైరయ్యాక కూడా అదే చప్పుడు ఇంట్లో వినవలసి వచ్చింది.

"నాన్నా, అమ్మ పెట్టె ఈయనకి ఒకసారి చూపిద్దాం," అంది.

"ఎందుకు?"

"అందులో అమ్మ ఉందేమోనని."

"మీ అమ్మ ఇంట్లోనే ఉండేది కాదు. పెట్టెలో ఉంటుందా?"

అది నిజం. నూకరత్నం పద్యనాటకాలకు హార్మోనియం వాయించేది. ఏ ఊళ్లో పందిరి వేస్తే ఆ ఊళ్లో ఉండేది. ఇంటికి వచ్చిన రోజుల్లో ముట్టుకున్నది మాత్రం హార్మోనియం కాదు, ఆ రెండో పెట్టె. దాని పేరు బాండోనియన్. రెండు చెక్క పెట్టెల మధ్య పొడుగాటి తోలు తిత్తి. రెండు చేతులతో పట్టుకుని లాగాలి, నొక్కాలి.

అది ఓడ మీద వచ్చింది. గోధుమల ఓడ ఒకటి మరమ్మతు కోసం మా రేవులో చాలాకాలం ఆగిపోయింది. దాని వంటవాడు ఎస్తెబాన్ అనే ముసలాయన, అర్జెంటీనా వాడు, ఐసు కోసం మా ఫ్యాక్టరీకి వచ్చేవాడు. దిమ్మలు తీసేదాకా గుమ్మంలో కూర్చుని ఆ పెట్టె వాయించేవాడు. టాంగో అనేవాడు. నాకు క్యారేజీ తెచ్చిన నూకరత్నం అన్నం గిన్నె కింద పెట్టి అతని ఎదురుగా కూర్చుంది. వెళ్లే ముందు అతను దాని లోపల పలికే రేకులన్నీ మార్చి కొత్తవి బిగించాడు. ఓడ కదిలే వేళకు పెట్టె మా ఇంట్లో ఉంది. చేపల పులుసు పెట్టినందుకు ఇచ్చాడని చెప్పింది. నేను నమ్మలేదు. కానీ ఆ పులుసు తిన్నవాడు ఏదైనా ఇచ్చేస్తాడు.

ఎస్తెబాన్ నాకు టాంగో అడుగులు నేర్పాడు. ఆడమనిషి ఎవరూ ముందుకు రాకపోతే తనే ఏప్రాన్ కట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. ఐసు దిమ్మలు జారీ జారీ నున్నబడిన ఆ నేల మీద నన్ను పట్టుకుని తిప్పాడు. కూలీలు పనిమాని చూశారు. నేర్చుకున్నాను. అయినా నూకరత్నంతో ఒక్కసారి కూడా ఆడలేదు. ఆవిడ వాయిస్తుంటే నాకు జత లేదు. ఆవిడ లేచి వస్తే పాట లేదు. సెల్‌ఫోన్లో పెట్టుకుందామంటే, "డబ్బా పాటకి నాను ఆడను," అనేది. అలాగే పోయింది.

ప్రభుదాసు తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "మీరు ఒకసారి మా ల్యాబుకి రండి. చూశాక ఒద్దంటే ఒద్దు," అన్నాడు.

వెళ్లాను.

అతని యంత్రం ఓడల కోసం పుట్టింది. ఓడ అడుగున ఉన్న మేకు ఎన్ని అలలు తిన్నదో ఆ మేకునే అడిగి తెలుసుకుంటుంది. వంగి వంగి లోహం అలసిపోతుందట. ఆ అలసట లోపల గీతలుగా మిగిలిపోతుందట. వాయిద్యంలోని రీడు కూడా అంతే. వేలెడంత ఇత్తడి రేకు, ఒకే మనిషి నొక్కే గాలికి ఏళ్ల తరబడి వణికితే ఆ మనిషి చెయ్యి దానిలో దిగిపోతుంది.

బల్ల మీద పాత భజన మందిరం హార్మోనియం నుంచి తీసిన రీడు బిగించి ఉంది. ప్రభుదాసు దానికి సన్నటి తీగలు తగిలించి మీట నొక్కాడు. వేలితో బల్ల మీద తాళం వేశాడు. రీడు పలికింది. తాళం మార్చాడు. అది కొంచెం తడబడి, వెంటనే అందుకుంది. తాళం ఆపేశాడు. అది ఒక్క సాగదీత తీసి ఊరుకుంది, విసుక్కున్నట్టు.

"ఎవరు వాయిస్తున్నారు?" అన్నాను.

"ఎవరూ లేరండి. ఆ భజన పెద్దాయన పోయి చాలా కాలమైంది. మేం రికార్డు కూడా చేసి చూశాం. రికార్డు పాడుతుంది గానీ జవాబు చెప్పదు. ఇది చెబుతుంది."

నేను వంగి రీడు చూశాను. ఇందాకటి నల్లదనం పోయి ఒక పక్క కొత్త చెంచాలా మెరుస్తోంది.

"ఇదేమిటి?"

ప్రభుదాసు యంత్రం ఆపాడు. "చదవాలంటే కరెంటు పంపాలండి. కరెంటుకి లోహం వేడెక్కుతుంది. వేడెక్కితే ఆ బిగువు వదిలేస్తుంది. చదివిందల్లా చెరిగిపోతుంది."

"అంటే విన్నదంతా అయిపోతుంది."

"అవునండి."

"అయితే ఒద్దు," అని ఇంటికి వచ్చేశాను.

నూకరత్నం చెల్లెలు, మా మరదలు సన్యాసమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఆదివారం నాడు నాకు నాలుగు కట్టలు పడేసి, నన్ను నాలుగు తిట్టి పోతుంది. అప్పటికి హైమ ఆవిడకు అంతా చెప్పేసింది.

"ఏటి బావా, మా అప్పని ఆ పెట్టిలో దాసుకున్నావంట."

"దాచుకుంటే నీకేం?"

"నాను ఇన్నేళ్లూ ఎండుసేపలు అమ్మినాను. దాసుకోడానికి కొన్నోడు ఒక్కడూ లేడు. అందరూ తినడానికే కొన్నారు."

"మీ అప్ప చేప కాదు."

"కాదు. సేపయితే నోరు మూసుకుని పడుండును," అని బుట్ట నెత్తికెత్తుకుంది.

ఆ రాత్రి పెట్టె దించి మూత తీసి చూశాను. మూసే ఉంచితే ఆవిడ మొత్తంగా అందులోనే ఉంటుంది. కానీ ఒక్క ముక్క కూడా మాట్లాడదు. బతికున్నప్పుడు అలా ఒక్క రోజు కూడా ఉండలేదు. పొద్దున్నే హైమకు చెప్పాను, తీసుకెళ్లమని.

బాండోనియన్‌లో ఒక్కో మీటకు రెండు గొంతులు. తిత్తి తెరిచేటప్పుడు ఒక రీడు పలుకుతుంది, మూసేటప్పుడు వేరే రీడు. ప్రభుదాసు తెరిచే రీడ్లకు ముందు తీగలు తగిలించాడు. యంత్రం తెర మీద గీతలు వచ్చాయి. అన్నీ తిన్నగా, చదునుగా. మరో వరుస తగిలించాడు. అదీ అంతే.

"కొత్త రీడ్లలా ఉన్నాయి," అన్నాడు మెల్లిగా. "ఎవరూ వాయించనట్టే ఉన్నాయండి."

"అమ్మ రోజూ వాయించేది," అంది హైమ.

"ఏమో. టాంగో వాళ్లందరూ తిత్తి తెరిచేటప్పుడే వాయిస్తారమ్మా. ఆ లాగుడులోనే వాళ్ల బలం. నేను దొరికిన రికార్డులన్నీ విన్నాను. ఉంటే ఇక్కడే ఉండాలి."

హైమ గోడవైపు తిరిగింది. నేను గొడుగు తీసుకుని లేచాను. అక్కడ కూడా లేదు. చెప్పకుండా పోవడం ఆవిడకు అలవాటే.

ఇంటికి వచ్చేసరికి సన్యాసమ్మ వసారాలో వాన తగ్గడం కోసం కూర్చుని ఉంది. హైమ ముఖం చూసి సంగతి అడిగింది. విని నమ్మలేదు.

"వాయించకపోడమేటి? నా సెవులు తూట్లు పడిపోనాయి కదా." నా చేతిలోని గొడుగు లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. "ఇలగ కూకునేది. ఇలగ కొంగు సద్దుకునేది. ఆ తరవాత ఇలగ..." గొడుగు మెల్లిగా, చప్పుడు లేకుండా తెరిచింది. బుగ్గలు పూరించి, కళ్లు పెద్దవి చేసి, ఒడ్డున పడ్డ చేపలా గాలి మింగింది. "ఇప్పుడేటీ నేదు. కూత నేదు. ఆవులింతే. ఇప్పుడు సూడు." గొడుగు టపీమని మూస్తూ "యాఁ" అని గొంతెత్తింది. మళ్లీ నిశ్శబ్దంగా తెరిచింది. మళ్లీ మూస్తూ "యాఁ" అంది.

నేను నవ్వాను. నవ్వి చాలా కాలమైంది కాబట్టి దగ్గు వచ్చింది. అచ్చం నూకరత్నమే.

హైమ నవ్వలేదు. "పిన్నీ, మళ్లీ చెయ్యి," అంది.

"ఎన్నిసార్లు సెయ్యాలే, గొడుగిరిగిపోతే మీ నాన్న ఊరుకుంతాడా?"

"మళ్లీ చెయ్యి."

చేసింది. హైమ చెప్పులు కూడా విప్పకుండా మూల ఉన్న హార్మోనియం దగ్గరికి పోయి వెనక రెక్క పట్టుకుని చూసింది. దాన్ని నొక్కితేనే పెట్టెలోకి గాలి పోతుంది. తెరవడం ఊరికే గాలి పీల్చుకోడానికి. చిన్నప్పటి నుంచి ఆ రెక్క నొక్కిన నూకరత్నం చెయ్యి, ఈ బాండోనియన్ చేతికొచ్చినా అలవాటు మానలేదు. బొటనవేలి కింద ఉన్న గాలి మీట తెరిచి చప్పుడు లేకుండా లాగేది. మూసేటప్పుడే వాయించేది. అర్జెంటీనా మొత్తం ఒక వైపు, మా ఆవిడ ఒక వైపు.

ఫోన్లో ఈ సంగతి విని ప్రభుదాసు చాలాసేపు నవ్వాడు. "వాన తగ్గకపోయినా రండి," అన్నాడు.

మూసే రీడ్లకు తీగలు తగిలించారు. తిత్తి లాగడానికి ఒక చిన్న మోటారు పెట్టారు. గది నేల మీద పలకలు పరిచారు. మనుషుల అడుగు బరువు వాటి ద్వారా పెట్టెకు తెలుస్తుందట, ఆ రోజు బల్ల మీద వేలు తెలిసినట్టు. తిత్తి చప్పుడు లేకుండా తెరుచుకుంది. మూసుకోవడం మొదలైంది. ఏమీ రాలేదు. హైమ నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు పలికింది, ఒక పిసరు ఆలస్యంగా.

ఆ ఆలస్యం ఆవిడదే. ప్రతి పాటకూ ముందు కొంగు సర్దుకునేది.

నేను యంత్రం ఆపించాను. ఇంకెవరూ వినకూడదన్నాను. హైమను కూడా బయటికి పంపాను. మధ్యాహ్నం పూట నేనొక్కడినే వస్తాను, కొంచెం కొంచెం వింటాను, ఎన్నాళ్లొస్తే అన్నాళ్లు. ప్రభుదాసు సరేనన్నాడు. హైమ ఏమీ అనలేదు. అనకపోవడం వాళ్లమ్మ దగ్గర నేర్చుకోలేదు, నా దగ్గర నేర్చుకుంది.

మొదటి రోజు కుర్చీలో కూర్చుని విన్నాను. రెండో రోజూ కూర్చుని విన్నాను. మూడో రోజు ఒళ్లు మండింది.

ఒకటే చిన్న ముక్క. తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. ఎక్కడికీ పోదు, ఆగదు. ఎక్కడ విన్నానా అని చూస్తే నాటకాల పందిట్లో. రాజు వేషగాడికి మీసం అతుక్కోక ఆలస్యమైతే హార్మోనియం ఆగకూడదు. ఆగితే జనం ఈలలు వేస్తారు. వేషగాడు తెర దాటి వచ్చేదాకా వాయించేవాళ్లు ఒక ముక్కనే గిరగిరా తిప్పుతూ ఉండాలి. ఆ పనిలో నూకరత్నాన్ని మించినవాళ్లు లేరు. ఒకసారి కిరీటం దొరకని రాజు కోసం చాలాసేపు అలా తిప్పింది. జనానికి అనుమానమే రాలేదు.

ఇప్పుడూ అదే చేస్తోంది. పలకల మీద అడుగు పడలేదు. వేషగాడు రాలేదు. నేనున్నానని ఆవిడకు తెలియదు. తెలిసినా లెక్కచేయదు, కుర్చీలో కూర్చున్నవాళ్ల కోసం ఆవిడ ఎప్పుడూ వాయించలేదు. రీడ్లు ఒక పక్క మెరుస్తున్నాయి. ఎదురుచూడడంలోనే అరిగిపోతోంది.

"ఆపండి," అన్నాను.

"ఏమైందండీ? బాగాలేదా?" అన్నాడు ప్రభుదాసు.

"దండగైపోతోంది. జనం కావాలి."

మా ఐసు ఫ్యాక్టరీ మూతపడి ఉంది. యజమాని కొడుకు తాళాలిచ్చాడు. హైమ స్పీకర్లు మోయించింది, ప్రభుదాసు పలకలు పరిచాడు. మూతపడకముందు ఎప్పుడో హైమ కంప్రెసరు చప్పుడు, దిమ్మలు పగలగొట్టే మిషను చప్పుడు రికార్డు చేసి పెట్టుకుందట. ఆమె సంగీతంలో నాకు వినిపించింది కంప్రెసరు లాంటి చప్పుడు కాదు, నా కంప్రెసరే. నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

ఆమె కోరింది ఒకటే. తెరిచేటప్పుడు అమ్మ ఊరుకుంటుంది కదా, ఆ ఖాళీ తనకు ఇమ్మంది. తన చప్పుళ్లను తెరిచే రీడ్ల మీదుగా పంపి పలికిస్తానంది.

"మీ అమ్మకి డబ్బా పాట గిట్టదు," అన్నాను.

"గిట్టకపోతే తనే చెబుతుంది. జవాబు చెప్పే పెట్టె కదా."

శనివారం సాయంత్రం జనం వచ్చారు. హార్బరులో చేపలమ్మే ఆడవాళ్లు, వాళ్ల మొగుళ్లు, బోటు మేస్త్రీలు, ప్రభుదాసు భార్య గ్రేస్, నాటకాల జట్టులో మిగిలిన ఇద్దరు ముసలి రాజులు. నేను అడుగులు నేర్పాను. మగవాడు ముందుకు, ఆడది వెనక్కి, మధ్యలో ఆగడం. అంతే.

"ఇలగ అందరి ముందూ పట్టుకోవాలేటి?" అని ఒక బోటు మేస్త్రీ సిగ్గుపడ్డాడు.

"నీ పెళ్లామే కదరా, పట్టుకో," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"అందుకే బయం."

"ఐసు దిమ్మ మోసినట్టు పట్టుకో," అన్నాను. "జారనివ్వకు. అలాగని గట్టిగా నొక్కి ఒళ్లు గడ్డకట్టించకు."

తిత్తి తెరుచుకుంది. మూసుకుంది. ఒక పిసరు ఆలస్యంగా ఆ ముక్క మొదలైంది, అదే, వేషగాడి కోసం తిప్పే ముక్క. ఎవరూ కదలలేదు. అందరూ నా వైపు చూస్తున్నారు. నేను సన్యాసమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఎండుచేపల వాసన వేసింది. ముందుకు ఒక అడుగు వేశాను.

ముక్క తెగింది.

అడుగు పలక మీద పడీ పడగానే పాట ఎత్తుకుంది. ఆ ఎత్తుగడ నేనెప్పుడూ వినలేదు. రెండో అడుగుకు దిగింది. నేను ఆగితే ఆగింది. మళ్లీ కదిలితే ముందే కదిలింది. తిత్తి తెరుచుకున్నప్పుడు ఆ ఖాళీలోకి హైమ కంప్రెసరు దడదడా వచ్చిపడింది. దాని మీద ఐసు పగిలే చప్పుడు గలగలా జారింది. తిత్తి మూసుకునేటప్పుడు నూకరత్నం ఒక్క క్షణం ఊరుకుంది. నచ్చలేదనుకున్నాను. తరువాత కంప్రెసరు లెక్కలోనే, కానీ దానికి ఎదురుగా, దాన్ని వెక్కిరిస్తూ వాయించింది. హైమ పెద్దగా నవ్వి ఇంకోటి విసిరింది. వాళ్లమ్మ దాన్నీ తిప్పికొట్టింది. వంటింట్లో వాళ్లిద్దరూ ఇలాగే మాట్లాడుకునేవాళ్లు. నేను వసారాలో కూర్చుని వినేవాణ్ణి.

"బావా, నా కాలు."

"నీ కాలు అక్కడెందుకుంది?"

"నానెనక్కి నడవాల, నువ్వు ముందుకి నడవాల అన్నావు. నా ఈపుకి కళ్లున్నాయేటి?"

బోటు మేస్త్రీ భార్యను పట్టుకుని మూడుసార్లు గోడకు కొట్టుకున్నాడు. నాలుగోసారి ఆవిడే అతన్ని నడిపించింది. ముసలి రాజులిద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. ముందుకు నడిచేది తనంటే తనని కాసేపు తగువు పడ్డారు, ఇద్దరూ రాజులే కాబట్టి. గ్రేస్ గారు చెప్పులు మూలకు విసిరేశారు. నేల చల్లగా, నున్నగా ఉంది. మా దిమ్మలు జారిన నేల అది. దాని మీద మనుషులు జారారు, లేచారు, నవ్వారు. నూకరత్నం అందరి అడుగులూ చూసుకుంటూ వాయించింది. తప్పటడుగు వేసినవాడి కోసం కూడా ఒక చిన్న మలుపు పెట్టింది.

పై స్వరాలు ముందు పోయాయి. నాకు తెలిసింది. ఆవిడ వాటిని వదిలేసి కిందినుంచి చుట్టు తిరిగి వాయించింది. నాటకాల జట్టులో సగం మెట్లు పలకని హార్మోనియం మీద కూడా ఇలాగే నెట్టుకొచ్చేది. తరువాత మధ్యవి పోయాయి. చివరికి ఒకే ఒక లోతైన స్వరం మిగిలింది. తిత్తి మూసుకున్నప్పుడల్లా అదొక్కటే పలికింది, అయినా సమయానికి కాదు, ఆ పిసరు ఆలస్యంగానే.

ఆ తరువాత తిత్తి మూసుకుంది. ఏమీ పలకలేదు.

హైమ ఆ ఖాళీని తన చప్పుళ్లతో నింపుతుందేమోనని చూశాను. నింపలేదు. మళ్లీ తిత్తి తెరుచుకున్నప్పుడే కంప్రెసరు మోగింది. మూసుకున్నప్పుడు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో జనం ఆగలేదు. అడుగుల చప్పుడు వినిపించింది, అందరిదీ ఒక్కసారే. కంప్రెసరు, అడుగులు. కంప్రెసరు, అడుగులు. సన్యాసమ్మ ముఖం తడిగా ఉంది. అయినా అడుగు ఆపలేదు. ఆవిడ నన్ను తిట్టకుండా ఇంతసేపుండి చాలా కాలమైంది.

ప్రభుదాసు సోమవారం పెట్టె విప్పాడు. మూసే రీడ్లన్నీ కొత్త చెంచాల్లా ఉన్నాయి. ఆవిడ పూర్తిగా ఖాళీ చేసి పోయింది. చెరగకుండా ఒక్క క్షణమే కరెంటు పంపి తెరిచే రీడ్లు కూడా చూస్తానన్నాడు. తెర మీద తిన్నని గీతలో ఒకచోట సన్నటి ముడత కనిపించింది.

"ఇదేమిటి?" అన్నాను.

"మీ అమ్మాయి చెయ్యేనండి. ఇప్పుడే దిగడం మొదలైంది." అతను కళ్లద్దాలు సర్దుకుని వంగాడు. "దీని కింద ఇంకోటి ఉంది. మీ కంప్రెసరు అనుకుంటా."

ఇప్పుడు ప్రతి శనివారం ఐసు ఫ్యాక్టరీలో జనం పోగవుతారు. హైమ తెరిచే వైపు చూసుకుంటుంది. మూసే వైపు ఎవరూ లేరు. మొన్న నేను వెళ్లి మోటారు తీయించి, పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తోలు పట్టీల్లో చేతులు దూర్చాను. పట్టీలు వదులు చేయలేదు, ఆవిడ కొలతకే బిగిసి ఉన్నాయి.

"నువ్వేటి వాయిస్తావు బావా?" అంది సన్యాసమ్మ.

ఒక మీట నొక్కి మూసి చూశాను.

"పిల్లి తోక తొక్కినట్టుంది," అంది.

"ఉండనీ."

"అది సరేగానీ, నువ్వు పెట్టి కాడ కూకుంటే నానెవులితో ఆడాల?"

"మా ఇంట్లో అది పాత తగువు," అన్నాను. "రాజుల్లో ఒకణ్ణి పట్టుకో."

తిట్టుకుంటూ పోయి పొడుగు రాజును పట్టుకుంది. బొటనవేలితో గాలి మీట తెరిచి చప్పుడు లేకుండా లాగాను. హైమ కంప్రెసరు దడదడలాడింది. జనం నా వైపు చూస్తూ కాలెత్తి నిలబడ్డారు. మూయడానికి ముందు పై పంచె ఒకసారి సర్దుకున్నాను.